సున్నం తగిలిన పసుపు

లింబయ్యను చంపి, చెరకు ముక్కలు ముంచే మందు తొట్టిలో పడేశారని చీఫ్ చెప్పినప్పుడు దేవిదాస్ పాన్ నములుతున్నాడు. నమలడం ఆపలేదు.

1963 మార్చి. డిచ్‌పల్లి ట్రావెలర్స్ బంగళా. టేబుల్‌కు ఆ పక్క చీఫ్, ఈ పక్క దేవిదాస్, మధ్యలో రెండు టెస్ట్‌ట్యూబులు.

“విన్నావా?”

“విన్న సార్.”

లింబయ్యా దేవిదాస్ ఇద్దరూ ముప్కాల్‌లో ఒకే బెంచీ మీద కూర్చుని చదివారు. ఒకే గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో చేరారు. అలాంటివాడు పోతే ఎవరైనా తల పట్టుకుని కూలబడతారు. దేవిదాస్‌కు ఏమీ అనిపించలేదు. భార్య నాగవ్వ పోయినప్పటి నుంచీ అతని సంగతి అంతే. తిన్నది రుచి తెలియదు, కొడితే నొప్పి తెలియదు. డిపార్ట్‌మెంట్ దాన్ని ధైర్యమనుకుని రెండు మెడల్స్ కూడా ఇచ్చింది.

“బోధన్ దగ్గర ఒక ప్రైవేటు పాలపొడి ఫ్యాక్టరీ. మిలిటరీ కాంట్రాక్టు. విదేశీ ముఠా అందులో దూరింది. చెరకు విత్తనానికి పట్టించే పాదరసం మందును పాలపొడిలో కలుపుతోంది. కొన్నాళ్లు తాగితే చేతులు వణుకుతాయి. చూపు పోతుంది. తర్వాత మనిషే పోతాడు.”

“పట్టుకునుడెట్ల?”

చీఫ్ జేబులోంచి ఫౌంటెన్ పెన్ను తీశాడు. “ఇందులో ఇంకు లేదు. ఈమధ్యనే అమెరికా వాళ్లు కనిపెట్టిన రీఏజెంట్ ఉంది. పాల ప్రోటీన్‌లో సల్ఫ్‌హైడ్రిల్ గ్రూపులని ఉంటాయి. గంధకం చేతులనుకో. ఆ చేతులు ఖాళీగా ఉంటే ఈ రీఏజెంట్‌ను పట్టుకుంటాయి, పసుపు రంగు వస్తుంది. ఎన్ని చేతులు ఖాళీగా ఉంటే అంత చిక్కటి రంగు. పాదరసం ముందే వచ్చి వాటిని పట్టేసిందా, రంగు రాదు.”

పాలు విరిచి తీసిన తేట రెండు ట్యూబుల్లోనూ ఉంది. చీఫ్ పెన్నుతో ఒక్కో చుక్క వేశాడు. ఒకటి పసుపుగా మారింది. పాదరసం కలిపిన రెండోది నీళ్లలాగే ఉండిపోయింది.

“లింబయ్య చేసిన టెస్టులో రంగు రాలేదు. ఆ మాట ఫోన్‌లో చెప్పాడు. శాంపిల్ పంపేలోపే చంపేశారు. రుజువు లేకుండా మిలిటరీ సరుకు ఆపలేం. రేపు పొద్దున వ్యాగన్ నిజామాబాద్ స్టేషన్‌లో ఉంటుంది. మన కెమిస్ట్ రుక్మాబాయి టెస్ట్ చేస్తుంది. నువ్వు కాపలా. రంగు రాకపోతే బండి కదలకూడదు.”

“సరుకు ఎటు పోతది సార్?”

“కొండల్లో మిలిటరీ ఆస్పత్రికి. మీ తమ్ముడు ఆశన్న ఉన్నది అక్కడే కదా?”

ఆశన్న మంచులో కాలివేళ్లు పోగొట్టుకుని ఆ ఆస్పత్రిలోనే పడి ఉన్నాడు. గుండె ఝల్లుమంటుందేమోనని దేవిదాస్ కాసేపు చూశాడు. ఝల్లుమనలేదు. అందుకు మాత్రం కొంచెం భయం వేసింది.

మర్నాడు పొద్దున్నే పసుపు దళారి వేషంలో స్టేషన్‌లో దిగాడు. పసుపు మరకల ధోతి, పసుపు దుమ్ముతో నిండిన కండువా, చేతిలో శాంపిల్ పసుపు సంచి. పసుపు సీజన్‌లో నిజామాబాద్‌లో అంతకంటే మంచి మారువేషం లేదు. హమాలీల నుంచి గుమాస్తాల దాకా అందరి చేతులూ పసుపే.

ప్లాట్‌ఫారం మీద పాన్ కొట్టు పోశయ్య పాన్ కట్టి ఇచ్చాడు. “సున్నం జర ఎక్కువైంది సేటూ, నోరు పైలం.”

“ఏం కాదు తియ్.” నిజంగానే ఏమీ కాలేదు.

రుక్మాబాయి రిక్షా దిగింది. నల్ల కళ్లద్దాలు, సిల్కు చీర, చేతుల్లేని జాకెట్టు. ప్లాట్‌ఫారం మీద సగం మంది తమ బండి సంగతే మర్చిపోయారు.

“కొమ్ములెట్లున్నయి సేటూ?” అంది. కోడ్.

“విరిసి సూస్తెనే తెలుస్తది.”

ఆమె తెల్లటి వేళ్లతో ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుంది. “జర దూరం నిలవడు. ఈ పసుపు నాకు పడది. తుమ్ములే తుమ్ములు.”

పార్శిల్ ఆఫీసులో టెస్ట్ మొదలైంది. ఆమె ఆరు డబ్బాల్లోంచి పొడి తీసి కలిపి, విరిచి, తేట వడగట్టి, తన సీసాలోని రీఏజెంట్ వేసింది. ఆరు ట్యూబులూ పసుపు రంగు తిరిగాయి.

“సరుకు మంచిదే. బండి ఇడ్సమను,” అని ఆమె గుమ్మంలోని గుమాస్తాను గార్డు దగ్గరికి పంపింది.

దేవిదాస్ తల ఊపాడు. తమ్ముడు బతికాడు. సంతోషం రావాలి. రాలేదు. అలవాటు కొద్దీ కిందికి చూశాడు. ఆమె చూపుడువేలు కొన పసుపుగా ఉంది.

ఊళ్లో ఇంకెవరి వేలైనా అతను పట్టించుకునేవాడు కాదు. కానీ ఈమెకు పసుపు పడదు. రిక్షా దిగినప్పుడు ఆ వేలు తెల్లగా ఉంది.

“పాన్ తింటవా అక్కా?” అంటూ సున్నం డబ్బీ తీసి, వేలికి రాసుకుని, ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

ఆమె వేలు ఎర్రబడింది.

మిగిలిన సున్నం ట్యూబుల్లో కలిపాడు. ఆరూ ఎర్రబడ్డాయి. మిగిలిన తేటలో చీఫ్ ఇచ్చిన పెన్నుతో చుక్క వేశాడు. రంగు రాలేదు. ఇంకోటి వేశాడు. నీళ్లే.

“నీ సీసల ఉన్నది స్పిరిట్‌ల కరిగిచ్చిన పసుపు. లింబయ్యను గూడ నువ్వే పట్టిచ్చినవా?”

ఆమె లిప్‌స్టిక్ తీసింది. దాని మూత కింద గుండు దూరేంత రంధ్రం ఉంది. “సింగపూర్ల బంగ్లా ఇస్త అన్నరు. గీ ఊర్ల ఏమున్నది, దుమ్ము! కదిలితె కాలుస్త.”

బయట ఇంజన్ కూత వేసింది. చావుకు భయపడేవాడు ఆగిపోయేవాడే. దేవిదాస్‌కు ఆ భయమూ లేదు. పసుపు సంచి విప్పి ఆమె మొహాన దులిపేశాడు. రుక్మాబాయి తుమ్మింది. గుండు పైకప్పుకు తగిలింది. రెండో తుమ్ముకు లిప్‌స్టిక్ కింద పడింది. మూడో తుమ్ముకు అతను తలుపుకు బయట గడియ పెట్టాడు.

బండి కదులుతోంది. గార్డు పచ్చజెండా ఊపుతున్నాడు. ఎంత అరిచినా ఇంజన్ మోతలో ఎవరికీ వినపడలేదు. ఎర్రజెండా కావాలి.

పోశయ్య కొట్టు ముందు తడిసున్నం కుండ ఉంది. దేవిదాస్ కండువా తీసి అందులో ముంచాడు. పసుపు కండువా చూస్తుండగానే ఎర్రబారింది. ప్రతి మిషన్‌కూ ముందు నాగవ్వ పసుపులో సున్నం కలిపి, ఆ ఎర్రనీళ్లతో అతనికి దిష్టి తీసి వాకిట్లో పారబోసేది. ఆమె పోయాక మళ్లీ ఎవరూ తియ్యలేదు.

పట్టాల మధ్యకు దూకి రెండు చేతులా కండువా ఊపాడు. డ్రైవర్ చూశాడు. బ్రేకులు కీచుమన్నాయి. ఇంజన్ అతని ధోతి అంచుకు ఆవిరి తగిలేంత దగ్గరగా వచ్చి ఆగింది.

చీఫ్ జీపు వచ్చేసరికి వ్యాగన్‌కు సీలు పడింది. బేడీలతో రుక్మాబాయి ఇంకా తుమ్ముతూనే ఉంది.

“రెడ్ ఫ్లాగ్ ఎక్కడిదయ్యా?”

“నాగవ్వ ఇచ్చిపోయింది సార్.”

చీఫ్‌కు అర్థం కాలేదు. “మీ తమ్ముడికి ట్రంక్ కాల్ బుక్ చేశాను. మాట్లాడు. మూడో మెడల్‌కు రాస్తాను.”

దేవిదాస్ కొట్టు దగ్గరికి నడిచాడు. పోశయ్య పాన్ కట్టి ఇచ్చాడు. ఒక్కసారి నమిలాడో లేదో నాలుక చుర్రుమంది. దవడ మండింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. లింబయ్య మొహం గుర్తొచ్చింది, పాఠశాల బెంచీ గుర్తొచ్చింది, నీళ్లు ఇక ఆగలేదు.

“ఏందిరా పోశిగా,” అన్నాడు, “గింత సున్నం ఏసినవ్?”

పోశయ్య వింతగా చూశాడు.

“కుండల సున్నం నీ కండువకే అయిపాయె సేటూ. గిప్పుడు జర తక్కువనే ఏసిన.”