నలుగురూ ఆగే చోట

ఆ రోజుల్లో ఉదయం వార్తల్లో ముందు వాన కబురు, తర్వాత ఆట కబురు చెప్పేవారు. వాన కబురు అప్పుడప్పుడూ తప్పేది గానీ ఆట కబురు తప్పేది కాదు. సాయంత్రం ఎవరు గెలుస్తారో, ఎన్ని గోల్స్‌తో గెలుస్తారో పొద్దున్నే తెలిసిపోయేది. అయినా జనం స్టేడియాలకు పోవడం మానలేదు. తెలిసిన సంగతైనా కళ్ళారా చూస్తే గానీ మనిషికి తృప్తి ఉండదు కాబోలు.

ఇదంతా 'ముందాట' అనే యంత్రం చలవ. ఆటగత్తెల ఒంటికి అతికించిన సెన్సార్లు వాళ్ళ ప్రతి అడుగునూ, ప్రతి తడబాటునూ, ప్రతి అరుపునూ ఏళ్ళ తరబడి నమోదు చేసేవి. వాటితో ఒక్కొక్కరికీ ఒక 'దేహముద్ర' తయారయ్యేది. ఆ మనిషి ఎలా పరిగెడుతుందో, ఎక్కడ భయపడుతుందో, ఎప్పుడు అలిసిపోతుందో అన్నీ కలిపిన మోడల్ అది. ఇరవై రెండు దేహముద్రల్ని తనలోని మైదానంలోకి వదిలి, ముందాట ఒకే మ్యాచ్‌ని పదివేలసార్లు ఆడించేది. అక్కడ ఎక్కువసార్లు ఏది జరిగితే సాయంత్రం ఇక్కడ అదే జరిగేది. ఆడేవాళ్ళకు మాత్రం ఫలితం తెలియకూడదని మ్యాచ్ రోజు వాళ్ళ ఫోన్లు తీసేసుకునేవారు.

2074 మార్చిలో విశాఖలో భారత్, జపాన్ మహిళల ఫుట్‌బాల్ మ్యాచ్. డ్రా చేసుకున్నా చాలు, భారత్ సెమీఫైనల్‌కి పోతుంది. ముందాటను చూసుకునే డాక్టర్ పినాకిని పొద్దున ఏడింటికి ఫలితం అడిగింది.

"భారత్ సున్నా, జపాన్ ఒకటి. డెబ్భై ఒకటో నిమిషం."

"గోల్ చూపించు."

తెరమీద ఎడమ వైపు నుంచి బంతి గాల్లో వచ్చింది. భారత గోల్‌కీపర్ గౌసియా తనవాళ్ళను పక్కకు జరగమని "కీపర్!" అని అరుస్తూ సరైన సమయానికే ముందుకు ఉరికింది. ఆమె ముందున్న నలుగురు డిఫెండర్లు బంతినీ తన్నలేదు, దారీ ఇవ్వలేదు. అర సెకను కన్నా తక్కువే, అంతసేపూ ఉన్నచోటే బొమ్మల్లా నిలబడిపోయారు. గౌసియా వాళ్ళ భుజాలకు తగిలి పడిపోయింది. బంతి గోల్లోకి పోయింది.

"వాళ్ళు తడబడటం లేదు. వింటున్నారు," అంది ముందాట. "ఒక మాట కోసం ఆగుతున్నారు. ఆ మాట నా దగ్గర ఉంది. వినిపించనా?"

"వద్దు," అంది పినాకిని.

ఆ మాట ఆమెకు తెలుసు. గౌసియాకు ముందు ఆరేళ్ళు ఆ గోల్ కాసింది పినాకిని చెల్లెలు చౌడేశ్వరి. కీపర్లందరూ "కీపర్!" అని అరిస్తే చౌడి మాత్రం "నాదే!" అని అరిచేది. అనంతపురంలో చిన్నప్పుడు బస్సులో కిటికీ సీటు కనబడినా అదే అరుపు, గిన్నెలో చివరి బొబ్బట్టు కనబడినా అదే అరుపు. అక్క పక్కకు జరగాల్సిందే. జట్టులో తెలుగు ముక్క రాని మణిపురి, ఒడియా అమ్మాయిలు కూడా ఆ ఒక్క మాటకు పక్కకు జరగడం నేర్చుకున్నారు. మూడేళ్ళ కిందట డెంగీ జ్వరం వచ్చి చౌడి పదిరోజుల్లో పోయింది. వాళ్ళ కాళ్ళకు ఆ సంగతి ఇంకా తెలియలేదు.

ఇలాగే ఇదివరకు ఏడు గోల్స్ పడ్డాయి. మ్యాచ్ అయ్యాక కోచ్‌కి పంపే రిపోర్టులోంచి ఏడుసార్లూ ఆ నలుగురూ ఆగుతున్నారన్న వాక్యాన్ని పినాకిని తీసేసింది. ఉంచితే ఏమవుతుంది? వారం రోజులు డ్రిల్లు చేయించి ఆ ఆగడాన్ని మాన్పిస్తారు. చౌడి బట్టలు ఎవరెవరికో ఇచ్చేశారు. గది ఖాళీ చేశారు. ఆమె కోసం ఈ లోకంలో ఇంకా ఎదురుచూస్తున్నది ఆ నలుగురే, అదీ తమకు తెలియకుండా. వాళ్ళచేత కూడా మాన్పించడానికి పినాకినికి చేతులు రాలేదు. నింద మాత్రం గౌసియా మీద పడింది. ముందుకు రావడంలో ఆలస్యం అన్నారు. ఇంకొక్క గోల్ అలా పడితే జట్టులోంచి తీసేస్తానని కోచ్ ముఖం మీదే చెప్పేశాడు.

పదింటికి గౌసియా వచ్చి తలుపు దగ్గరే నిలబడింది. కదిరి పిల్ల, ఇరవై రెండేళ్ళు.

"అక్కా, గెలుస్తామో ఓడిపోతామో నాకు చెప్పొద్దు. ఒక్కటే చెప్పు. నేను నిజంగానే లేటుగా వస్తాండానా? అందరూ అదే అంటాండారు. నాకేమో టయానికే ఎగిరినట్టుంటాది. నా ఒంటి మీద నాకే నమ్మకం పోతాందక్కా."

పినాకిని తెరవైపు తిరిగింది. "కొంచెం లేటే గౌసియా," అంది.

"సరేలేక్కా. నువ్వే అన్నాక ఇంక నమ్మాల్సిందే," అని గౌసియా వెళ్ళిపోయింది.

"ఫలితం ఏమైనా మారిందా?" అని యంత్రాన్ని అడిగింది పినాకిని.

"లేదు. మీరు అబద్ధం చెబుతారని ముందే లెక్కలో ఉంది. ఈ గదిలో ఇన్నేళ్ళుగా నా కళ్ళ ముందే ఉంటున్నారు కదా, మీ దేహముద్ర కూడా నా దగ్గర ఉంది."

పోయిన చెల్లెలి కోసం బతికున్న పిల్ల గొంతు కోస్తున్నానని పినాకినికి తెలియదా? తెలుసు. తెలిసే ఏడుసార్లు చేసింది. సిగ్గుతో ఏడుపొచ్చింది.

నాలుగింటికి జట్లు మైదానంలోకి వెళ్ళడానికి వరుసగా నిలబడి ఉండగా ఆమె కాపలావాళ్ళను తోసుకుని వెళ్ళి గౌసియా చెయ్యి పట్టుకుంది.

"పొద్దున అబద్ధం చెప్పినా. నువ్వు లేటు కాదు. ఎప్పుడూ కాలేదు. బంతికి ఎగిరేటప్పుడు కీపర్ అనొద్దు, నాదే అని అరువు."

"అది చౌడక్క మాట గదా! నేనెట్ల అనేది?"

"నేను చెప్తాండా గదా. అను."

డెబ్భై ఒకటో నిమిషంలో ఎడమ వైపు నుంచి బంతి గాల్లోకి లేచింది. "నాదే!" అని గౌసియా గొంతు చించుకుని అరిచింది. నలుగురూ చటుక్కున పక్కకు జరిగారు. గౌసియా బంతిని గుండెకు హత్తుకుని కింద పడింది. ఓటమి చూడ్డానికి వచ్చిన ముప్పైవేల మంది నోళ్ళు తెరుచుకుని లేచి నిలబడ్డారు. ఆ నలుగురూ మాత్రం బంతిని చూడలేదు. ఒక్కసారిగా వెనక్కి తిరిగి గోల్‌కీపర్ ముఖం చూశారు. వాళ్ళలో ఉన్న కెప్టెన్ థోయిబీ అరచేత్తో నోరు మూసుకుంది.

మ్యాచ్ సున్నా సున్నాతో ముగిసింది. ముందాట తప్పడం అదే మొదటిసారి.

పినాకిని తన గదికి వచ్చి రిపోర్టు రాసింది. ఈసారి ఏమీ తీసేయలేదు. పాత ఏడు గోల్స్ సంగతీ, గౌసియా తప్పు లేదన్న సంగతీ, అన్నిసార్లూ దాచింది తనేనన్న సంగతీ రాసి కోచ్‌కి పంపేసింది.

"మీరు చెబుతారనుకోలేదు," అంది ముందాట. "ఆ నలుగుర్నీ మళ్ళీ పదివేలసార్లు ఆడించాను. ఇప్పుడు ఆగడం లేదు. కీపర్ అన్నా జరుగుతున్నారు. ఒకసారి వెనక్కి తిరిగి గోల్లో ఎవరున్నారో చూసుకున్నారు కదా."

పినాకిని కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. స్టేడియం ఖాళీ అవుతోంది. ఇక ఎవరూ చౌడి కోసం ఆగరు.

"పొద్దున వద్దన్నానే, ఆ మాట. ఇప్పుడు వినిపించు," అంది.

గదిలో చౌడి గొంతు పలికింది. ఊపిరి ఎగపోస్తూ, పక్కనే ఉన్నట్టు.

"నాదే!"

అంతే. కొంతసేపటికి పినాకిని తన కాళ్ళకేసి చూసుకుంది. కిటికీకి రెండడుగులు పక్కన ఉంది. ఎప్పుడు జరిగిందో ఆమెకే తెలియదు. కిటికీ ముందు ఒక మనిషికి సరిపోయేంత చోటు ఖాళీగా ఉంది.

"మీరు జరిగారు," అంది ముందాట. "రిపోర్టులో చేర్చనా?"

"వద్దు," అంది పినాకిని. మళ్ళీ ఆ కిటికీ ముందుకు పోకుండా, జరిగిన చోటే నిలబడింది.