ఒక్క పోగు

పెద్దల అమావాస్య... మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు! చచ్చినవాళ్లు ఆకలితో సొంత ఇళ్లను వెతుక్కుంటూ వచ్చే రోజు, దయ్యాలు నడిదోవలో నిలబడే వేళ. ఆకాశంలో మబ్బుతునక లేదు. అయినా పాలకొండల మీద ఉరుము ఫెళఫెళమని గర్జించింది. పాపాఘ్ని గట్టున తుమ్మచెట్టు మీద గుడ్లగూబ ఒకటి పట్టపగలే వాలింది. ప్రచండ భాస్కరుణ్ణి రెప్ప వేయకుండా చూస్తూ మూడుసార్లు కూసింది!

ఆ చెట్టు కిందే మంత్రగాడు సుంకన్న పసుపుతో, బొగ్గుపొడితో యంత్రం గీసి కూర్చున్నాడు. యంత్రం నడుమ కుంకుమ పూసిన కపాలం... అది ఎవరిదని కండెలపల్లె జనం అడగలేదు. అడగాల్సిన అవసరం లేనిది మహాదేవమ్మ ఒక్కతికే. ఆ కపాలానికి ముందుపన్ను సగం విరిగి ఉంది. చిన్నప్పుడు మగ్గం గుంతలో పడి పన్ను విరగ్గొట్టుకున్నది ఆమె కూతురు హనుమమ్మ.

పాపాలను కడిగేది కాబట్టి ఆ ఏటికి పాపాఘ్ని అని పేరు పెట్టారు పెద్దలు. కడగడానికి నీళ్లు ఉండాలి కదా! ఆ ఏడు ఏట్లో ఇసుక తప్ప చుక్క నీరు లేదు.

రెండు నెలల కిందట, ఆషాఢ అమావాస్య నాటికి, ఏటి అవతలి ఊళ్లు వాంతిభేదితో తుడిచిపెట్టుకుపోతున్నాయి. అప్పుడు ఆత్మకూరు అడవి దిక్కు నుంచి వచ్చాడు సుంకన్న. "ఊరు కడతాను, రోగం రాదు" అన్నాడు. నూరు మగ్గాల ఊరికి నూలు కరువా? ఇంటికొక నూలు కండె సేకరించి, మంత్రించి, పొలిమేర రాళ్ల మీదుగా ఊరి చుట్టూ ఒకే పోగు లాగించాడు. లోపలివాళ్లు బయటికి పోకూడదు, బయటివాళ్లు లోపలికి రాకూడదు! ఆ పోగు పట్టుకుని తిరిగింది మహాదేవమ్మే. ఆమె చేతిలో నూలు తెగదని ఊళ్లో పేరు.

కానీ తెగింది... ఈ తుమ్మచెట్టు దగ్గరే, ముల్లు తగిలి! సుంకన్న ముందు నడుస్తున్నాడు, చూడలేదు. తెగిన పోగు కంటబడితే నేతమనిషి చెయ్యి ఊరుకుంటుందా? పోగు జారకుండా నుదుటి విభూతి వేళ్లకు రాసుకుని, రెండు కొసలూ కలిపి, మూడు మెలికలు పెట్టి అతికేసింది. మంత్రం చెడగొట్టావని ఊరు తన్ని తగలేస్తుందన్న భయంతో ఆ మాట కడుపులోనే దాచుకుంది.

మూడో రోజు పొద్దున హనుమమ్మ వచ్చింది. తొలిచూలు, ఏడో నెల. అత్తింట్లో మొగుడితో సహా అందరూ పోతే, పురిటికి రావలసిన పిల్ల ముందుగానే పుట్టింటికి బయలుదేరింది. ఇసుకలో ఒంటరిగా నడిచివచ్చి ఆ పోగు అవతల నిలబడింది. దాటబోయిన కాలు గాలిలోనే ఆగిపోయింది!

"అమా, నాకు రోగం లేదు మా. కాళ్లు పీకుతాండాయి. లోపలికి రానీ."

"ఆ పోగు కదిలిందంటే తెల్లారేసరికి ఈ ఊళ్లో కోడిపిల్ల గూడా మిగలదు!" అని హుంకరించాడు సుంకన్న. ఊరంతా మహాదేవమ్మ మొహం చూసింది.

"ఒక్క పోగే గదమా... ఎత్తు!"

తెగిన పోగని మహాదేవమ్మకు తెలుసు. అతుకు తన చేతిదనీ తెలుసు, విప్పితే విడిపోతుందనీ తెలుసు. అన్నీ తెలిసీ చేతులు కట్టుకుని నిలబడింది. ఆ పగలూ ఆ రేయీ కూతురు పిలుస్తూనే ఉంది. మర్నాడు పిలవలేదు. ఆ మరుసటి రాత్రి శవం మాయమైంది.

రోగం పోయింది, కట్టు మాత్రం పోలేదు! వేంపల్లెకని బయలుదేరినవాళ్లు ఎంత దూరం నడిచినా మళ్లీ ఊళ్లోని చౌడమ్మ గుడి ముందే తేలేవాళ్లు. రోడ్డు మీద బస్సు పోతూనే ఉంది, డ్రైవరు ఇటు తల తిప్పడు. కేకలు వేస్తే వినడు. కర్నూలు రాజధానిగా కొత్త రాష్ట్రం పుట్టిందన్న కబురు కూడా కండెలపల్లె పొలిమేర దాటి రాలేదు. పోగు మీద కొడవలి వేస్తే కొడవలే విరిగింది. దాన్ని దాటగలిగినవాడు సుంకన్న ఒక్కడే. గాదెల్లో మిగిలిన గింజలన్నీ అతని గుడిసెకే చేరాయి.

ఇక మహాలయ పక్షం మొదలైన నాటి నుంచి, ఊరిపెద్ద దాసన్న కోడలు తిరుపతమ్మ జుట్టు విరబోసుకుని, కనుగుడ్లు తేలేసి, తనది కాని గొంతుతో అరవసాగింది... "ఒక్క పోగే గదమా!" జనానికి అది పిచ్చిమాట. మహాదేవమ్మకు అది కూతురి మాట.

ఇప్పుడా తిరుపతమ్మనే యంత్రం ముందు పడేసి, చేతులు కట్టి, కత్తి ఎత్తాడు సుంకన్న.

"దోవ మూసింది దీన్ని పట్టిన దయ్యమే! దీని తల తెగితేనే దోవ తెరుచుకుంటాది!"

అబద్ధం! రెండో కపాలం చేరితే ఆ కట్టు ఇక శాశ్వతం, ఊరు ఊరంతా అతని బానిస. దాసన్న తలగుడ్డ నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నాడు, అడ్డం మాత్రం పోలేదు. ఆనాడు మహాదేవమ్మ నిలబడినట్టే అందరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. తిరుపతమ్మ మెల్లగా మెడ తిప్పి, గుంపులో ఒక్క మహాదేవమ్మనే చూసింది.

"అమా... ఎత్తు..."

మహాదేవమ్మ గుంపును తోసుకుని ముందుకొచ్చింది!

"ఆపప్పా! దయ్యం గాదు, అది నా బిడ్డ! దోవ మూసింది నేను! ఆ పోగు తెగింటే నేనే అతికిచ్చినా. బిడ్డ వచ్చి నిలబడిన పొద్దు ఇప్పగలిగిండీ ఇప్పలేదు. నేనే సంపుకున్యా!"

సుంకన్న మొహం నల్లబడింది. "ముట్టుకున్యావంటే నెత్తురు కక్కుకోని చస్తావు ముసలీ!"

"చావనీ. ఆ పొద్దే చావాల్సినదాన్ని."

నుదుటి విభూతి వేళ్లకు రాసుకుంది. కన్నీళ్లతో కళ్లు కనబడలేదు, కానీ ముప్పై ఏళ్లు నేసిన వేళ్లకు కళ్లెందుకు? అతుకు తగిలింది. ఒక మెలిక... రెండు... మూడు!

పోగు విడిపోయింది.

"రా తల్లీ... ఇంట్లోకి రా" అంది మహాదేవమ్మ.

దిక్కులు పిక్కటిల్లేలా ఉరిమింది! మనిషి లేదు... కానీ ఏటి ఇసుకలో అడుగులు పడుతున్నాయి. గర్భిణి అడుగులు, లోతుగా, మెల్లగా... అవి పొలిమేర దాటాయి. ఊరి చుట్టూ ఉన్న నూలంతా బుసకొడుతూ లేచి సుంకన్న కాళ్లకు, నడుముకు, కంఠానికి చుట్టుకుంది! అతడు మంత్రం చదవబోయాడు, నోట్లో నూలు. మనిషంత కండె అయ్యేదాకా చుట్టింది, తరువాత భగ్గున మండింది! ఆ దారుణ ఆర్తనాదం ఆగేసరికి యంత్రం మీద పిడికెడు బూడిద మిగిలింది. తిరుపతమ్మ తన గొంతుతోనే "నీళ్లు" అంది.

రోడ్డు మీద బస్సు హారన్ మోగింది... బస్సు ఆగింది! జనం ఏడుస్తూ, నవ్వుతూ, పడుతూ లేస్తూ అటు పరుగెత్తారు.

మహాదేవమ్మ కదలలేదు. కపాలాన్ని కొంగులో పొదువుకుని, నెత్తురు కక్కి చస్తానని ఎదురుచూసింది. ఎంతసేపు చూసినా చావు రాలేదు. చెవి పక్కన చల్లగా ఊపిరి తగిలింది. ఆ గొంతులో కోపం లేదు, ఉత్త ఆశ్చర్యమే.

"ఇంత సులువా, మా?"