మోత దారిలో తోడు

సెల్మాకి అరవైతొమ్మిదేళ్లు. ముప్పై ఏళ్లు స్కూలు బస్సు నడిపి మానేశాక, ప్రతి సెప్టెంబరులోనూ ఉత్తర ఒంటారియో అడవి సరస్సుల్లోకి ఒక్కతే, ఒక మనిషి మోయగల తేలికపాటి పడవ వేసుకుని వెళ్లడం అలవాటు చేసుకుంది. ఒడ్డున సరుకుల కొట్టు నడిపే డెల్బర్ట్ ఆమె పడవని జీపు మీంచి దింపుతూ గొణిగాడు.

"మోకాలికి పట్టీ వేసుకుని మరీ బయల్దేరావా? మీ ర్యాండల్ ఫోన్ చేశాడు, అమ్మని ఆపమని."

"నువ్వేమన్నావ్?"

"నాకున్నవే నాలుగు పళ్లు, అవీ మీ అమ్మ చేత రాలగొట్టించుకోలేను, కావాలంటే నువ్వే వచ్చి ఆపుకో నాయనా అన్నాను."

సెల్మా నవ్వింది కానీ, ఈసారి ఏ చిన్న తేడా వచ్చినా కొడుకు మళ్లీ తెడ్డు ముట్టనివ్వడని ఆమెకి తెలుసు.

మూడో రోజు మధ్యాహ్నం. సరస్సు అయిపోయిన చోట ఒడ్డెక్కింది. అవతలి సరస్సుకి పోవాలంటే పడవని నెత్తిన పెట్టుకుని అడవిలోంచి నడవాలి. ఆరువందల నలభై అడుగులు. ఏటా లెక్కపెట్టుకుంటుంది. ముందు పడవ చేరేసి, తర్వాత వెనక్కొచ్చి, ఒడ్డున వదిలిన సామాన్ల వీపుమూట తీసుకెళ్తుంది.

దారి మొదట్లో ఒక రాతి మీద పొడుగాటి ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఉన్ని చొక్కా ఒంటికి అంటుకుపోయి నీళ్లు కారుతోంది. దగ్గర్లో పడవేదీ లేదు.

"నీళ్లలో పడ్డారా ఏమిటి? పొడిబట్టలివ్వనా?" అంది సెల్మా.

"వద్దులే చెల్లెమ్మా. పడవ వెనక కొస నేను పట్టుకుంటాను, పద."

"అక్కర్లేదండీ. ఒక్కదాన్నే మోసుకోవాలనే వచ్చాను."

"అందరూ అదే అంటారు," అన్నాడాయన నెమ్మదిగా.

మనిషి స్థిమితంగా లేడనుకుంది. పడవ చేర్చి వచ్చాక టీ కాచి ఇచ్చి, సంగతి కనుక్కుందామనుకుంది. పడవ బోర్లించి నెత్తికెత్తుకుని, దాని మధ్యలోని అడ్డకర్రని భుజాల మీద కుదుర్చుకుంది. ఇక కనిపించేది తన బూట్లు, వాటి ముందు బారెడు నేల, అంతే. స్ప్రూస్ చెట్ల జిగురు వాసన. పడవ కడుపులో తన ఊపిరే తనకి గట్టిగా వినిపిస్తోంది.

రెండువందలు. మూడువందలు. మోకాలు సలపడం మొదలైంది.

మూడువందల పదహారో అడుగు దగ్గర పడవ తేలికైపోయింది. వెనక ఎవరో ఎత్తిపట్టారు.

"వద్దన్నాను కదండీ," అంది. కానీ భుజాలకి ప్రాణం లేచొచ్చింది. కాదనలేకపోయింది.

"ర్యాండల్‌కి చెప్పనులే," అంది వెనకనుంచి గొంతు.

నాలుగడుగులు వేశాక గానీ ఆ మాట ఆమెకి ఎక్కలేదు. కొడుకు పేరు తను చెప్పలేదు...

ఆరువందలు. ఆరువందల నలభై. నీళ్ల చప్పుడు లేదు. ఏడువందలు...

"ఇంకెంత దూరం?" గుసగుసగా అడిగింది.

"వచ్చేశాం."

కుళ్లిన నీటి వాసన. పడవ కడుపులో రెండో ఊపిరి ఆగి ఆగి వినిపిస్తోంది. అడుగుల చప్పుడు మాత్రం ఒక్కరిదే. ఆగబోయింది... వెనకనుంచి తోశారు. మళ్లీ ఆగబోయింది... ఇంకా గట్టిగా తోశారు. కిందికి చూసింది. దారి లేదు. మెత్తటి నాచు. నాచు మధ్య నల్లటి నీళ్లు. మరో అడుగు... కాలు మోకాలిదాకా దిగిపోయింది.

పడవని పక్కకి విసిరేసింది.

వెనక ఎవరూ లేరు. నాచు మీద ఒక్క మనిషి అడుగులే ఉన్నాయి. అవి తనవే.

కాలు పైకి లాక్కుని, తాడు పట్టి పడవని ఈడ్చుకుంటూ, తన అడుగుల వెంటే వెనక్కి నడిచి దారిలో పడింది. అవతలి సరస్సు చేరింది. పడవ నీళ్లలోకి తోసి వెళ్లిపోదామనిపించింది. కానీ గుడారం, తిండి, పటం అన్నీ మూటలోనే ఉన్నాయి. వెనక్కి వెళ్లక తప్పదు.

తెడ్డు ఒక్కటే చేత పట్టుకుని, నడవగలిగినంత వేగంగా వెనక్కి నడిచింది. సరిగ్గా ఆరువందల నలభై అడుగులు. రాతి మీద ముసలాయన లేడు. రాయి పొడిగా ఉంది. మూట కూడా లేదు. చుట్టుపక్కల పొదలన్నీ వెతికింది. ఎవరైనా పట్టుకుపోయారా అంటే, ఉన్నది ఒకటే దారి. ఆ దారిలో ఇప్పటిదాకా నడిచింది తనే.

చేసేదేమీ లేక మళ్లీ అవతలి ఒడ్డుకొచ్చింది.

పడవ పక్కన, ఎండలో, మూట నిటారుగా నిలబెట్టి ఉంది. ఒక్క వస్తువు కూడా పోలేదు. ఆత్రంగా భుజానికి తగిలించుకుంది. అది జారి నడుం కిందికి దిగిపోయింది. పట్టీలు చూసింది. రెండూ చివరి రంధ్రం దాకా వదులు చేసి ఉన్నాయి, బాగా పొడుగాటి మనిషి మోయడానికి వీలుగా. వీపుకి ఆనే చోట గుడ్డ తడిగా ఉంది.

సెల్మా వాటిని తనకి సరిపడా బిగించుకోబోయి ఆగింది. ఇంటికి వెళ్లాలంటే, వారం తర్వాత మళ్లీ ఈ దారినే పడవ మొయ్యాలి. వెనక కొస పట్టుకునే ఆయన అప్పుడూ ఇక్కడే ఉంటాడు.