టీ తర్వాత నిప్పు

"ఆ ఫ్యాక్టరీలో ఇట్టే అంటుకునే సాల్వెంట్ ట్యాంకులు పేలితే సగం ఊరు మిగలదు," అన్నాడు సీక్రెట్ సర్వీస్ చీఫ్ ఏజెంట్ డేగతో. "విదేశీ ముఠా పన్నాగం. బాంబు లేదు, తుపాకీ లేదు. ఎలా చేస్తారో తెలీదు. వాళ్ల కోడ్ వర్డ్ మాత్రం దొరికింది. 'టీ చల్లారింది.' అక్కడ మన మనిషి ఒకతె ఉంది. నెమలి."

నెమలి ఫ్యాక్టరీలో సేఫ్టీ కన్సల్టెంట్ వేషంలో, నల్ల కళ్లద్దాలతో, సెంటు ఘుమఘుమలతో తిరుగుతోంది. డబుల్ ఏజెంట్. ఎప్పుడు ఎటు మొగ్గుతుందో దేవుడికే తెలియాలి.

డేగ పెట్టుడు మీసంతో, నీళ్ల బకెట్‌తో నిప్పు పనికి కాపలా ఉండే ఫైర్ వాచర్‌గా చేరాడు. చేతి గడియారంలో గ్యాస్ డిటెక్టర్. తీరా చూస్తే, ట్యాంకుల మధ్య గోతిలో దిగి పైపు వెల్డింగ్ చేస్తున్నది సాక్షాత్తూ అతని బావ! బావమరిది ఎక్కడో ఇన్సూరెన్స్ పాలసీలు అమ్ముకుంటున్నాడనుకునే అమాయకుడు.

అంతకంటే ఒళ్లు మండే సంగతి ఇంకొకటుంది. మేనేజర్ ఏసీ గదిలోంచి కదలకుండానే వెల్డింగ్ లాంటి పనులకిచ్చే హాట్ వర్క్ పర్మిట్లు వారానికి సరిపడా ముందేసుకుని సంతకాలు గీకేశాడు.

"చోటు చూడకుండా నిప్పుకి అనుమతి ఇస్తారా సార్?"

"నీ పని బకెట్ మోయడం. మొయ్యి."

డేగ పళ్లు నూరుకుంటూ మోశాడు.

పొద్దున గోతిలో గ్యాస్ టెస్ట్ చేశారు. ప్రమాదం లేదన్నారు. పని మొదలైంది. టీ బెల్ మోగగానే అందరూ క్యాంటీన్‌కి పరుగెత్తారు. అందరి తర్వాత వచ్చిన నెమలి ఫోన్‌లో మెల్లగా అంది.

"టీ చల్లారింది."

డేగ ఉలిక్కిపడ్డాడు. ఆమె చేతుల నుంచి సెంటుతో పాటు సాల్వెంట్ వాసన! ఇక్కడ టీ తర్వాత మళ్లీ టెస్ట్ చేసే అలవాటే లేదు. ఈలోగా పక్క ట్యాంకు డ్రెయిన్ వాల్వ్ తిప్పితే చాలు, గోతి నిండా మండే ఆవిరే. బావ అప్పుడే పనికి వెళ్లిపోయాడు.

డేగ పరుగెత్తాడు. గడియారం కీచుమంది. గోతిలో బావ ముఖానికి మాస్క్ దించుకుని రాడ్ ఎత్తాడు.

"బావా, ఆగు!"

యంత్రాల రొదలో వినపడలేదు. డేగ గోడ అవతలున్న వెల్డింగ్ మెషీన్ మీదికి దూకి స్విచ్ ఆపేశాడు. రాడ్ ఇనుముకు తగిలింది. రవ్వ పుట్టలేదు.

చీఫ్ మనుషులు నెమలిని గేటు దగ్గర పట్టుకుని, బేడీలు వేసి తెచ్చారు. మేనేజర్ చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు.

"వాల్వ్ మూసేశారుగా, ఇక పని కానివ్వండి. పర్మిట్ సాయంత్రం దాకా ఉంది."

డేగ అతని కాలర్ పట్టుకున్నాడు. "గోతిలో ఉన్నది మా అక్క మొగుడురా!" ఆ అరుపుకి మీసం ఊడిపడింది.

"ఒరేయ్, నువ్వా?" అన్నాడు బావ నోరు తెరిచి.

నెమలి పకపకా నవ్వింది. "మేమే తొందరపడ్డాం. ఇంకొన్నాళ్లు ఊరుకుంటే ఈయనే తగలబెట్టేవాడు."

తన సర్వీసులో శత్రువు మాటకు డేగ తలూపడం అదే మొదటిసారి.