పండగ అలుపు కాదు

ఆరిఫాకూ మసూద్‌కూ పరిచయం గొడవతో మొదలైంది. పెనుకొండలో ప్రైవేటు స్కూలు టీచరైన ఆమె, రంజానుకని కుట్టడానికిచ్చిన చుడీదారు కోసం హిందూపురంలో అతని టైలరు షాపుకు వస్తే, ఆ గుడ్డ ఇంకా కత్తెర ముఖమే చూడలేదు. ఆమె కౌంటరు ముందు నిలబడి కడిగేసింది.

"మేడమ్, మీరట్ల చూస్తాంటే సూది నా వేల్లో దిగుతాది. ఆడ కూర్చోండి," అన్నాడు మసూద్.

నవ్వకూడదనుకుంటూనే నవ్వేసింది. అలాంటి నవ్వులు ఊరికే పోవు. వేసవికల్లా పెద్దలు మాట్లాడుకుని, వచ్చే బక్రీదు తర్వాత నికా అన్నారు.

ఆ వేసవిలోనే ఆరిఫా ఒకసారి చేతులెత్తేసింది. రెండు సెక్షన్లు, పొద్దున ఒక ట్యూషను, సాయంత్రం ఒక ట్యూషను. బెల్లు వింటే ఒళ్లు మండేది. ముద్దొచ్చే పిల్లలే శత్రువుల్లా కనిపించేవారు. అగళిలో పిన్ని ఇంటికి పోయి కరువుతీరా నిద్రపోయింది. నాలుగు రోజులకు పిన్ని వంటకు వంకలు పెట్టింది, పక్కింటి కన్నడ పిల్లలతో అష్టాచెమ్మా ఆడింది. తిరిగొచ్చి ఒక సెక్షనూ పొద్దుటి ట్యూషనూ వదులుకుంది. మనిషి మామూలైంది.

ఆ తర్వాత వచ్చిన రంజాను నెలంతా మసూద్‌కు ఎప్పటిలాగే ఊపిరి సలపని పని. పండగ వెళ్ళాక హిందూపురం టైలర్లు షట్టర్లు దించి ముసుగుతన్ని పడుకోవడం మామూలే. పలకరిస్తే కసురుకుంటారు కూడా. అందుకే అతని షట్టరు లేవకపోయినా ఎవరూ పట్టించుకోలేదు. పండగ అలుపు, అదే పోతుందన్నారు. మిగతా షట్టర్లన్నీ లేచాయి, అతనిది లేవలేదు. ఆరిఫా కూడా అలుపే అనుకుని, తనకు పనిచేసిన మందే అతనికీ పనిచేస్తుందని అగళికి పంపింది. అతను ఇంకా చిక్కిపోయి తిరిగొచ్చాడు. వచ్చి, ఈ సంబంధం వద్దని తల్లి బుడన్‌బీతో చెప్పేశాడు.

ఆరిఫా తండ్రి ఫకీర్ సాబ్ మండిపడ్డాడు. పిల్ల నచ్చకపోతే ముందే చెప్పి ఏడవాల్సిందన్నాడు. శుక్రవారం నమాజు కాగానే పోయి తెంచుకుని వస్తానన్నాడు. ఆరిఫాకు గుండె పగిలింది, దానికి మించి రోషం వచ్చింది. గురువారం స్కూలు ఎగ్గొట్టి తానే హిందూపురం వెళ్ళింది.

మసూద్ వసారాలో గోడకానుకుని ఉన్నాడు. గడ్డం మాసి ఉంది.

"నేను నచ్చలేదా?" అని అడిగింది.

"నచ్చడం అంటే ఎట్లుంటాదో గుర్తు రావడం లేదు ఆరిఫా."

పోట్లాటకు వచ్చిన ఆమె ఆ మాటకు అక్కడే చతికిలబడింది. అగళిలో ఎలా గడిచిందని అడిగింది. కోడి కూయకముందే మెలకువ వచ్చేసేదన్నాడు. పిన్ని చేసిన కూర మట్టిలా ఉందన్నాడు. మిషను మీద కోపమా అంటే, దేనిమీదా కోపం లేదన్నాడు. ఆరిఫాకు అప్పుడు తెలిసింది. తనకు విసుగొచ్చింది స్కూలు మీద మాత్రమే. స్కూలు గేటు దాటితే తన లోకం తనకుండేది. ఇతనికి గేటు అవతల కూడా ఏమీ మిగల్లేదు.

"సచ్చిపోవాలని అనిపిస్తాందా?" సూటిగానే అడిగింది.

"అప్పుడప్పుడు. తెల్లారకుంటే బాగుండు అనిపిస్తాది. నీ మెడకు గుదిబండ అయ్యేది ఎందుకని వద్దన్నా."

ఆమె కసరలేదు, ధైర్యంగా ఉండమని పాఠం చెప్పలేదు.

"ఇది అలుపు కాదప్పా, జబ్బు. జబ్బుకు డాక్టరుండాడు," అంది. బుడన్‌బీని పిలిచి, అతని ఎదుటే అంతా చెప్పి, ఒంటరిగా వదలొద్దంది. ఆ తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఆరిఫా ఇంటికొచ్చి సంగతంతా చెప్పాక ఫకీర్ సాబ్ శుక్రవారం వెళ్ళలేదు. పిచ్చి డాక్టరు దగ్గరికి పోయేవాడికి పిల్లనిస్తే నలుగురూ ఏమంటారని మాత్రం గొణిగాడు. నికా వాయిదా పడింది.

ఆదివారాలు ధర్మవరానికి ఒక మానసిక వైద్యుడు వచ్చేవాడు. తల్లీకొడుకులు హిందూపురంలో రైలెక్కితే ఆరిఫా పెనుకొండలో ఎక్కేది. పనికి అలసిన మనిషికి పని తగ్గించి సెలవిస్తే దారికొస్తాడు, ఇది సెలవుకు లొంగేది కాదన్నాడు డాక్టరు. మాత్రలు పనిచేయడానికి వారాలు పడతాయి, మధ్యలో ఆపొద్దన్నాడు. ఇష్టం లేకపోయినా రోజూ కాసేపు నడవాలి, చిన్న పనేదైనా ముట్టుకోవాలి, పక్కన మనిషి ఉండాలి.

మాత్రలకు నోరెండిపోతోందని మసూద్ మానేయబోయాడు. ఆరిఫా పోరి పోరి అతనిచేతే డాక్టరుకు చెప్పిస్తే ఆయన మందు మార్చాడు. ఒకనాడు షట్టరు సగం లేపి ఒక చొక్కాకు గుండీలు కుట్టాడు, మర్నాడు మళ్ళీ మంచం దిగలేదు. ఆరిఫాకు ప్లాట్‌ఫారం మీదే కూర్చుని ఏడవాలనిపించిన ఆదివారాలున్నాయి. రైల్లో ఆమె ఏదో ఒకటి చెబుతుండేది, అతను కిటికీలోంచి చూస్తుండేవాడు. దిగేటప్పుడు వస్తానంటే తలూపేవాడు.

ఎండలు ముదిరాక ఒక ఆదివారం తిరుగు రైలు పెనుకొండలో ఆగింది. ఆరిఫా సంచి తీసుకుని లేచింది.

"ఈ పొద్దు దిగొద్దు," అన్నాడు మసూద్.

"ఏం?"

"ఊరికే. హిందూపురం దాకా నువ్వుంటే బాగుంటాది అనిపిస్తాంది."

బుడన్‌బీ ముసుగు సర్దుకుని అటు తిరిగింది. ఇన్ని నెలల్లో అతను ఫలానాది కావాలని నోరు తెరిచి అడగడం అదే మొదలు. ఆరిఫాకు కళ్ళు నిండాయి. అయినా టీచరమ్మ కదా, గొంతు పెంచింది.

"మళ్ళీ నేను ఇంటికెట్ల పోవాల? నాయన అరుస్తాడు."

"నేనొచ్చి దింపుతా. మీ నాయనతో నికా సంగతి మాట్లాడేది కూడా ఉండాది."

రైలు కూత వేసింది. ఆరిఫా సంచి పైన పెట్టేసి, అతని పక్కన కూర్చుంది.