మంగళగిరి ముడి

ఆ ఉదయం చీరాలలోని నేతగాళ్ల వీధిలో రోజూ ఉండే సందడే. అత్తగారు పేరమ్మ గంజి కాస్తోంది. కోడలు మల్లేశ్వరి వసారాలో రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. మావగారు భావనారాయణ నిన్న మగ్గం మీద నుంచి కోసిన చీరను ఒళ్లో పెట్టుకుని, వీధిన పోయేవాళ్లకు వినబడేట్టు తన నేతను తానే మెచ్చుకుంటున్నాడు.

ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. కళ్లు మసకబారి రెండేళ్లయినా ఒప్పుకోడు. నిరుడు ఊళ్లోకి వచ్చిన కంటి డాక్టరు, "వెంటనే గుంటూరొచ్చి మందు వేయించుకో పెద్దాయనా" అంటే, చీర ఆయన ముందు పరిచి, "ఇందులో తప్పు చూపించండి, అప్పుడొస్తా" అన్నాడు. డాక్టరుకు తప్పు దొరకలేదు. దొరక్కుండా చేసింది మల్లేశ్వరి అని ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు.

ఆ ఇంట ఆడవాళ్లు, నేసేవాడు కాళ్లు దించి కూర్చునే మగ్గం గుంటలో కాలు పెట్టకూడదు. మధ్యాహ్నం మావగారు కాఫీ హోటలుకు పోయి, అత్తగారు కునుకు తీస్తుంటే, మల్లేశ్వరి గుంటలోకి దిగేది. ఆయన చూడకుండా వదిలేసిన తెగిన పోగు దాకా నేత విప్పి, ముడేసి, మళ్లీ నేసేది. తెలిస్తే పుట్టింటికి పంపేస్తారని భయం. మగ్గం మానేస్తే ఆ మనిషి మిగలడని అంతకంటే భయం.

పోయిన నెల ఆయన ఎదురొస్తున్న ఎద్దుబండికే గుద్దుకున్నాడు. దాంతో కొడుకు రోశయ్య బలవంతాన గుంటూరు తీసుకెళ్లాడు. ఇప్పుడు మళ్లీ తనొక్కడే గుంటూరు వెళ్లి, పొద్దుటి రైలుకు దిగి, రూపాయి బిళ్లంత భూతద్దం తెచ్చి తండ్రి చేతిలో పెట్టాడు.

"డాక్టరు గారు పంపారు నాయనా."

పెద్దాయన దాన్ని చీర మీద జానెడెత్తున పట్టాడు, చెయ్యి చూసి జోస్యం చెప్పేవాడిలాగా. "ఏముందిరా, అంతా అలుక్కుపోయింది!"

తన ముడులు ఆయనకు కనబడలేదని మల్లేశ్వరి ఊపిరి పీల్చుకుంది.

"అట్లా కాదు నాయనా! అద్దం కంటికి ఆనించుకోవాలంట. గుడ్డను ముక్కు దాకా తెచ్చుకో. అద్దం కదపకు, గుడ్డనే మెల్లగా జరుపు. ఇట్లా తిరుగు, వెలుతురు పక్కనుంచి పడాలన్నాడు."

భావనారాయణ గొణుక్కుంటూనే అలాగే చేశాడు. చేసి, బిగుసుకుపోయాడు.

"పోగు... ఒరే రోశయ్యా, పోగు కనబడుతోందిరా! నాలుగే పోగులు, తాళ్లల్లే కనబడుతున్నాయిరా!"

పేరమ్మ తెడ్డుతోనే పరుగెత్తుకొచ్చింది. మల్లేశ్వరి భయం మరిచి ఆనందంతో లేచి నిలబడింది. అప్పుడే ఆయన చేతిలో జరుగుతున్న గుడ్డ ఆగింది.

"ఈ ముడి ఎవరిది?"

ఆయన దాన్ని వేలికొసతో తడిమాడు.

"మన ఇంట ముడేస్తే కొస నులిమి గంజి అద్దుతాం. ఇది రెండు మెలికల ముడి. మంగళగిరి ముడి." ఆయన తలెత్తాడు. "నీ పుట్టింటిది."

మల్లేశ్వరి చేతిలోని కండె కింద పెట్టింది. "నేనే మావయ్యా. రెండేళ్లుగా."

"గుంటలో దిగావటే!" పేరమ్మ గుండెలు బాదుకుంది.

"రెండేళ్లా?" రోశయ్య ఆమె వైపు తిరిగాడు. "ఆ చీరలు చూసుకునే కదే, నా కళ్లకేం అన్నాడు నాయన! నిరుడే వస్తే చూపు చాలావరకు నిలిచేది, పోయింది ఇక రాదు అన్నాడే డాక్టరు!"

అప్పటిదాకా ఆ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదతను. మల్లేశ్వరి చెవిలో సీసం పోసినట్టయింది. ఇన్నాళ్లూ తను దాచింది తప్పుల్ని కాదు, జబ్బుని. ఆయన పరువు కాపాడుతున్నాననుకుంటూ కళ్లు పోగొట్టింది.

"నేనే మీ చూపు తీశాను మావయ్యా!" అంటూ ఆయన కాళ్ల దగ్గర కూలబడి భోరుమంది.

భావనారాయణ ఒళ్లోని చీరను అంచుకు అంచు కలిపి మెల్లగా మడిచాడు. ఊరంతా మెచ్చుకున్న చీరలు తనవి కావన్న మాట ఆయనకు మింగుడుపడటానికి అంతసేపు పట్టింది.

"డాక్టరు ముందు పొగరుగా మాట్లాడింది నువ్వా, నేనా?" అన్నాడు చివరకు. "లే అమ్మాయ్. గుంటలోకి దిగు."

"ఏమండీ!" అంది పేరమ్మ.

"నువ్వుండవే! రెండేళ్లు దొంగలా దిగింది. ఇప్పుడు ఇంటిపిల్లలా దిగనీ."

మల్లేశ్వరి కళ్లు తుడుచుకుని దిగింది. పేక పోగున్న నాడెను పడుగులోంచి విసిరింది. ఆయన గుంట పక్కన చతికిలబడి, అద్దం కంటికి ఆనించుకుని, పడుగు మీదకు ముక్కు తగిలేంతగా వంగాడు. అంగుళం అంగుళం వెతుక్కుంటూ పోయాడు.

"ఆగు!"

ఆమె చెయ్యి ఆగింది.

"అంచు దగ్గర పోగు తెగింది, చూసుకోలేదా?"

మల్లేశ్వరి వంగి చూసింది. నిజమే. ఆమెకు కనబడలేదు.