పేరు ఆఖరున కూరుస్తాం

తీగ లేని ప్రింటరు ఇంటికొచ్చిందంటే మునస్వామికి నవ్వొచ్చింది. నలభై ఏళ్లు చిత్తూరులో ఒక చిన్న ప్రెస్సులో కంపోజిటరుగా పనిచేసిన మనిషాయన. సీసంతో పోసిన అచ్చక్షరాలను ఒక్కొక్కటిగా గడుల్లోంచి ఏరి, ఎడమచేతిలోని ఇనప పట్టీలో పేర్చి, వాక్యం చేసే పని. ప్రెస్సు మూతపడి, అచ్చులన్నీ తూకానికి పోయి కరిగిపోయాక కొడుకు దగ్గరికి తిరుపతి వచ్చేశాడు. పన్నెండేళ్లయినా కుడి చూపుడువేలూ బొటనవేలూ ఒకదానికొకటి రాసుకుంటూనే ఉంటాయి, ఖాళీ చేతిలో ఏదో ఏరుతున్నట్టు.

"తీగె లేకండా నువ్వు ఆ రూములో కొట్టింది ఈ రూములోకి యాడినించి వస్తాదప్పా?" అన్నాడు సునీల్‌కుమార్‌తో.

సునీల్‌కుమార్ బస్టాండు దగ్గర కంప్యూటర్ల షాపు పెట్టుకున్నవాడు. "గాల్లో వస్తాది తాతా," అన్నాడు.

"గాల్లో వచ్చేదాన్ని ఇంట్లోకి రానిస్తారా ఎవురైనా?" అని నవ్వేశాడు పెద్దాయన.

ప్రింటరు కావలసింది కోడలు ప్రసన్నకుమారికి. యూనివర్సిటీ విద్యార్థులకు థీసిస్‌లు టైపు చేసిపెడుతుంది. టైపు ఇంట్లో, ప్రింటు వీధి చివర షాపులో. ఎండనకా వాననకా పెన్‌డ్రైవు పట్టుకుని తిరగలేక మొత్తుకుంటే, రేణిగుంట గోడౌన్‌లో పనిచేసే మొగుడు రఘునాథ్ దీపావళి బోనసు డబ్బుతో కొనిచ్చాడు. ముందుగదిలో కంప్యూటరుకే చోటు చాలదు. అందుకని ప్రింటరును మామ పడుకునే వెనకగదిలో, దేవుడి అలమర పక్కనున్న బల్లమీద పెట్టారు. అది కార్తీక సోమవారం, నవంబరు పదో తేదీ.

మొదట మామూలు కేబులు తగిలించి, ఇంటి వైర్‌లెస్ పేరూ పాస్‌వర్డూ ప్రింటరుకు నేర్పాలి. తర్వాత కేబులు పీకేయొచ్చు. సునీల్ ఆ పాస్‌వర్డు కొడుతూనే ఉన్నాడు. ఇంతలో ప్రింటరు లోపల చిన్నగా చప్పుడైంది. టిక్... టిక్... టిక్. గోరుతో రేకు మీద తట్టినట్టు. ఆ తర్వాత ఒక కాగితం బోర్లా వచ్చి పైన పడింది. అచ్చు కిందికి, తెల్లవైపు పైకి.

ప్రసన్న పసుపు గిన్నెతో కాచుకుని ఉంది. కొత్తగా ఇంటికొచ్చిన దేన్నయినా పసుపు పెట్టనిదే ముట్టనివ్వదు ఆమె. మొదటి కాగితం దేవుడికే అనుకుని, తిప్పి చూడకుండానే నాలుగు మూలలా పసుపు అద్ది, మడిచి, వెంకటేశ్వరస్వామి పటం వెనక పెట్టేసింది.

"అక్కా, నేనింకా ఏమీ కొట్టలేదే," అన్నాడు సునీల్. అంతలో వరసగా నల్లగీతలూ ఇంగ్లీషు అక్షరాలూ ఉన్న టెస్ట్ పేజీ వచ్చింది. ఆ సంతోషంలో ముందుది ఎవరికీ గుర్తులేదు.

బుధవారం ఒక థీసిస్ మూడో అధ్యాయం కొట్టింది ప్రసన్న. నలభై రెండు పేజీలు రావాలి. నలభై మూడు వచ్చాయి. అదనంగా వచ్చినదానికి చుట్టూ నల్లటి గీత. ఉత్తరక్రియల కార్డు అది. కీ.శే. అని ఉంది, పక్కన పేరు ఉండాల్సినచోట ఖాళీ. నవంబరు 17, సోమవారం స్వర్గస్థులైనారని, 27, గురువారం ఉత్తరక్రియలని ఉంది. ఇట్లు దుఃఖతప్తులు అన్నదాని కింద మళ్లీ ఖాళీ.

ఎవరిదో పొరపాటున వచ్చిందనుకుంది. చావు కార్డు చదివాక ఇంట్లో పెట్టుకోకూడదు కాబట్టి వాకిట్లోకి వెళ్లి చింపి, గోడవతల పారేసి, కాళ్లు కడుక్కుని లోపలికొచ్చింది. అప్పుడుగానీ ఆమె బుర్రకు తట్టలేదు. ఈరోజు పన్నెండే కదా. ఇంకా రాని తేదీన చచ్చిపోయిన మనిషి ఎవడు?

గురువారం మళ్లీ వచ్చింది. ఈసారి ఉత్తరక్రియలు జరిగే చోటు కూడా ఉంది. తిరుపతి, బైరాగిపట్టెడ, కింద వాళ్లింటి డోరు నంబరు.

ప్రసన్నకు ఒళ్లు మండింది. భయంకన్నా ముందు అనుమానం వచ్చింది, అనుమానం వస్తే ఆమె ఊరుకునే రకం కాదు. సునీల్‌ను పిలిపించి నిలదీసింది.

"ఎవురో పక్కనోళ్లు మీ వైర్‌లెస్‌లో దూరి కొడతా ఉండారక్కా. పైన ల్యాప్‌టాప్ పెట్టుకున్నోళ్లు ఉండారా?"

ఉన్నారు. మేడమీద అద్దెకున్న బాలసుబ్రమణ్యం. కొళాయి నీళ్ల దగ్గర పోయిన వారమే మాటామాటా అనుకున్నారు కూడా. పాస్‌వర్డు మార్పించి, అక్షరాలూ అంకెలూ కలిపి నోరు తిరగనిది పెట్టించింది. ఆ సాయంత్రం మెట్లెక్కి వెళ్లి రెండు మాటలు అడిగేద్దామనుకుంటే తలుపుకు తాళం. సూళ్లూరుపేటలో అక్క ఇంటికి వెళ్లి నాలుగు రోజులైందని పక్కావిడ చెప్పింది. ప్రసన్న ఆ తాళాన్ని లాగి మరీ చూసి దిగొచ్చింది.

ఇక మిగిలింది ఇంట్లోవాళ్లే. రఘునాథ్‌ను అడిగితే, "నాకు గోడౌన్‌లో ఊపిరాడకుండా ఉంటే కార్డులు కొడతా కూచుంటానా?" అని విసుక్కున్నాడు. అతను అబద్ధం చెప్తే చెవులు ఎర్రబడతాయి. ఎర్రబడలేదు.

మరి మామ? అచ్చు పని ఆయనకు తెలిసినంత ఎవరికి తెలుసు? ఆ ఆలోచన వచ్చినందుకు ఆమెకే సిగ్గేసింది. తను జబ్బుచేసి ఆసుపత్రిలో పడి ఉన్నప్పుడు పదిహేను రోజులు క్యారేజీ మోసింది ఆ పెద్దాయనే. అయినా అనుమానం పోలేదు. తలుపుసందులోంచి ఆయన్ను గమనించడం మొదలుపెట్టింది.

శనివారం మధ్యాహ్నం ఆయనే ఆమెను పిలిచాడు. మంచం మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో నల్లగీత కాగితం. 

"ఏమ్మా, నన్నెప్పుడు పంపించాలని చూస్తా ఉండావు?"

ప్రసన్న వంగి చూసింది. కాగితం కింద ఇప్పుడు ఖాళీ లేదు. దుఃఖతప్తులు, రఘునాథ్, ప్రసన్నకుమారి. వాళ్లిద్దరూ కలిసి ఏడవాల్సిన మనిషి ఈ ఇంట్లో ఇంకెవరున్నారు?

"మామా, ఆ దేవుడిమీద ఒట్టు. నేను కొట్టలేదు," అని ఏడ్చేసింది. జరిగిందంతా చెప్పింది.

ఆయన కాగితాన్ని కళ్ల దగ్గరికి పెట్టుకున్నాడు. ఆ తర్వాత వేలితో ఒకచోట చూపించాడు. దుఃఖ అన్న మాటలో రెండు సున్నలుండాలి. కిందిది సగమే పడింది.

"ఈ అచ్చు నా చేతిలోనించే జారి కిందపడి ఇరిగింది. చావు కార్డుకు ఎప్పుడూ తొందరే కదమ్మా. అందుకని అంతా ముందే కూర్చి, కట్టి, పక్కన పెట్టుకుంటా ఉంటిమి. ఎవురైనా వస్తే తేదీ, ఊరు, వాళ్ల పేర్లు పెట్టేది. చచ్చినోళ్ల పేరు మాత్రం ఆఖరున కూరుస్తాం." కాగితం పక్కన పెట్టేశాడు. "ఆ సీసమంతా కరిగిపోయి పన్నెండేండ్లు. ఇది యాడినించి వచ్చింది?"

ఆమె వెళ్లి ప్రింటరు ప్లగ్గు పీకేసింది.

సోమవారం, పదిహేడో తేదీ. సెలవు పెట్టమని రఘునాథ్ కాళ్లావేళ్లా పడింది. లారీలొస్తాయని, పొద్దుగూకేలోగా వచ్చేస్తానని చెప్పి వెళ్లిపోయాడు. మధ్యాహ్నం నుంచి వాన పట్టుకుంది. వాన పడితే వచ్చే ఆయాసం మామకు ఎక్కువైంది. మందిచ్చింది, రొమ్ముకు వేడి గుడ్డ కాపడం పెట్టింది. గడియారం వంక చూడకూడదనుకుంటూనే పదే పదే చూసింది.

ఆరున్నరకు కరెంటు పోయింది.

దీపం తెచ్చి మంచం పక్కన పెట్టింది. గదిలో తడి గోడల వాసన. దాని కింద ఇంకో వాసన... వేడెక్కిన కాగితం వాసన. పచ్చి పసుపు వాసన.

టిక్.

ప్రసన్న ప్రింటరు వైపు చూసింది. ప్లగ్గు నేలమీద చుట్టచుట్టుకుని అలాగే పడి ఉంది.

టిక్...

మునస్వామి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "పట్టీలో అచ్చు పడతా ఉండే చప్పుడమ్మా అది. ఒక టిక్కుకు ఒక అక్షరం. పేరు కూరుస్తా ఉండారు."

"ఎవరు మామా?"

ఆయన లేచి కూర్చున్నాడు. "మొదటి కాపీ యాడుండాది?"

"అన్నీ చింపేసినాను."

"మొట్టమొదటిది. మిషన్‌లోనించి ముందుగా వచ్చింది. పెండ్లికార్డైతే మొదటిదానికి పసుపు పెట్టి దేవుడి ముందర పెడతాం. చావు కార్డైతే కూర్చిన చెయ్యే దాన్ని చింపి బయట పారెయ్యాల. అది ఇంట్లో ఉండకూడదు..."

టిక్.

ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. అలమర దగ్గరికి పరిగెత్తి పటం వెనక చెయ్యి పెట్టింది. కాగితం తగిలింది. వారం కిందట పెట్టిన కాగితం. వెచ్చగా ఉంది. ఇప్పుడే బయటికొచ్చినంత వెచ్చగా.

దీపం దగ్గర విప్పింది. నల్లగీత. నాలుగు మూలలా ఆమె వేలిగుర్తులతో పసుపు. మధ్యలో, ఖాళీ ఉండాల్సినచోట...

కీ.శే. మునస్వా

అక్కడితో ఆగి ఉంది.

"దీనికి పసుపు పెట్టినావా?" అన్నాడాయన. "చావుకు పసుపు పెడితే, పెట్టినోళ్లే దాన్ని పిలిచినట్టు. నువ్వేనా?"

"తెలీక మామా..."

ఆయన కళ్లల్లో ఏదో మెదిలింది. అది కోపం కాదని మాత్రం ఆమెకు తెలిసింది. కాగితం లాక్కున్నాడు. ఆయాసంతో రొప్పుతూనే గోడ పట్టుకుని నడిచి, వానలోకి, గేటు దాటి రోడ్డు మీదికి వెళ్లాడు. రెండు చేతులతో నాలుగు ముక్కలు చేసి పారుతున్న కాలవలోకి విసిరేశాడు.

ఇంట్లో చప్పుడు ఆగిపోయింది.

ప్రసన్న ఆయన కాళ్లమీద నీళ్లు పోసింది, తల తుడిచింది, పొడిబట్టలు ఇచ్చింది. తెల్లవారి పద్దెనిమిదో తేదీన ఆయన ఎప్పటిలాగే కాఫీలో చక్కెర తక్కువైందని సణిగితే, పొయ్యి దగ్గర నిలబడి సంతోషంతో ఏడ్చింది. ప్రింటరును సునీల్ షాపుకు తిప్పి పంపేసింది. మళ్లీ పెన్‌డ్రైవే. నడిస్తే ఒంటికి మంచిదనుకుంది.

ఒక్కటే మనసులో ముల్లులా ఉండిపోయింది. రెండు మూడుసార్లు అడిగింది. "మామా, నేను పసుపు పెట్టినందుకు ఏమన్నా అవుతుందా?"

"చింపేసినాం కదమ్మా," అనేవాడు. ఆ మాట అనేటప్పుడు ఆమె మొహంలోకి చూసేవాడు కాదు.

ఇరవై ఆరో తేదీ, బుధవారం సాయంత్రం. పాకాల నుంచి ఆడబిడ్డ లోకేశ్వరి వచ్చింది. గేటులోంచే ఏడుస్తూ వచ్చి, వసారాలో కుర్చీలో కునుకుతున్న తండ్రిని చూసి ఆగిపోయింది. గుండెమీద చెయ్యి వేసుకుని, నిద్ర లేపకుండా నెమ్మదిగా లోపలికి వచ్చింది.

"ఎంత భయపడినానో తెలుసా వదినా! నాయనకేమో అయిందనుకున్యా. ఎవురు పంపినారు ఇది? చచ్చినోళ్ల పేరు ఎయ్యకుండా?" అని సంచిలోంచి కవరు తీసింది.

పోస్టులో వచ్చిన కవరు. పాకాల ముద్ర ఉంది. లోపలి కార్డు తీసుకున్న ప్రసన్న చేతికి వెచ్చగా తగిలింది. నాలుగు మూలలా పసుపు. ఇంకా తడిగా ఉంది, వేలికి అంటింది.

కీ.శే. పక్కన ఖాళీ. నవంబరు 27, గురువారం స్వర్గస్థులైనారు.

రేపు.

"కంగారులో సరిగ్గా చదవలేదు గానీ, చూడు, దుఃఖతప్తుల్లో అన్న పేరు ఉండాది, నాయన పేరు ఉండాది, నా పేరు కూడా ఏసినారు," అంది లోకేశ్వరి, వంగి చూపిస్తూ. "నీ పేరొక్కటే లేదు వదినా. మర్చిపోయినట్టుండారు."

ప్రసన్న వసారాలోకి చూసింది. మామ తల వెనక్కి వాల్చి నిద్రపోతున్నాడు. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. ఎడమ అరచెయ్యి ఒళ్లో వెల్లకిలా ఉంది. కుడి చూపుడువేలూ బొటనవేలూ కొసల దాకా అచ్చు మసి అంటినట్టు నల్లగా ఉన్నాయి. పొద్దున కాఫీ గ్లాసు అందుకున్నప్పుడు ఆ వేళ్లు శుభ్రంగా ఉన్నాయి.

ఆ చేతులు కదలడం లేదు.

టిక్.

"ఏం చప్పుడు వదినా అది?"

టిక్... టిక్...

ప్ర. స. న్న. లెక్కపెట్టకూడదనుకుంది. పెదవులు వాటంతట అవే లెక్కపెట్టాయి.

టిక్... టిక్.

ఐదుతో ఆగింది. ఆమె పేరుకు ఆరక్షరాలు. వసారాలో మునస్వామి నిద్రలోనే చిన్నగా కదిలి, కుడిచెయ్యి కొంచెం పైకెత్తాడు.